పోతమ్మ చెవుల కేసు

విశాఖపట్నం, ఫిషింగ్ హార్బరు
22 ఏప్రిల్ 2025

అప్పకి,

పోతమ్మప్పా, నీ తమ్ముడు అప్పలసూరి రాస్తున్నది. ఇక్కడ అందరం ఉన్నాం. బాగున్నామా లేదా అన్నది చదివి నువ్వే తేల్చు.

చేపల వేట నిషేధం మొదలై వారమైంది. వేట లేకపోతే ఫ్యాక్టరీలో ఐస్ లేదు, ఐస్ లేకపోతే నాకు పని లేదు. రెండు నెలలు మగాడు ఇంట్లో కూర్చుంటే ఎంత నరకమో నీ మరదలు తాయారు వీధి వీధికీ తిరిగి చెప్తోంది. ఊరికే ఉండలేక మొన్న మత్స్యకారుల సంఘం ఆఫీసు గోడకి ఒక నోటీసు అంటించాను. "నిషేధ కాలంలో ఎండుచేపలు వండినా జరిమానా" అని. కింద గుండ్రటి ముద్ర కూడా వేశాను, తాయారు పౌడరు డబ్బా మూతతో. మధ్యాహ్నానికి మన వీధి దేముడమ్మ ఎండుచేపల కూర చట్టి పట్టుకుని ఆఫీసు గుమ్మంలో నిలబడింది. "బాబూ, ఇది నిన్న ఒండిన కూర. నిన్న రూలు నేదు కదా?" అని. ఎందుకైనా మంచిదని కూరని చట్టితో సహా నీళ్ళలో పారేసింది.

సరే, అసలు సంగతి. మన ప్లీడరు ఆశాజ్యోతి గారు వన్ టౌన్‌లో తన ఆఫీసుకి నన్ను పిలిపించారు. నీ కేసు జూన్ 14న లోక్ అదాలత్‌కి వస్తుందట. కరోనా సూదులు వేసిన ఆసుపత్రి వాళ్ళూ, వాళ్ళ ఇన్సూరెన్సు వాళ్ళూ రాజీకి వస్తారట. తప్పు మాదేనని మాత్రం ఒప్పుకోరట. అయినా నీ చెవి ఆపరేషనుకీ, మిషనుకీ, మళ్ళీ హార్బరులో వ్యాపారం పెట్టుకోవడానికీ సరిపోయేంత ఇస్తారట. నాలుగేళ్ళుగా ఈ మాట కోసమే తిరుగుతున్నాను కదప్పా.

కాకపోతే వాళ్ళొక కాగితం అడుగుతున్నారు. ఆ వారం నీ దగ్గరున్న మనిషెవరైనా ప్రమాణం చేసి సంతకం పెట్టాలట. సూది పడిన 2021 జూన్ 12 నుంచి, చెవులు పోయాయని తెలిసిన 18 దాకా, నీ చెవులకి ఇంకే దెబ్బా తగల్లేదు, వేరే కారణమేదీ లేదు అని. ఆ మనిషి నేనేనని నువ్వే చెప్పావట.

తాయారు పెట్టకూడదా? పోనీ బావ? నా సంతకానికి ఏం విలువ, ఏడో తరగతి తప్పినవాడిని. ఫోను చేసి అడుగుదామంటే నీకు వినపడదు. సెల్లులో అక్షరాలు కొడదామంటే నావి ఐస్ దిమ్మలు లాగిన వేళ్ళు, ఒక్కోటీ మూడక్షరాల మీద పడుతుంది. అందుకే ఈ ఉత్తరం. వేరే ఎవరి పేరైనా చెప్పి బేగి జవాబు రాయి.

కరిగిపోతున్న దిమ్మ,
అప్పలసూరి


ఎలమంచిలి
28 ఏప్రిల్

ఒరే సూరీ,

ముందు దేముడమ్మకి ఆ కూర ఖరీదు ఇచ్చి దండం పెట్టు. నలభై ఎనిమిదేళ్ళొచ్చాయి నీకు. నాన్న నిన్ను ఏడు దాకా, నన్ను ఐదు దాకా చదివించాడు. ఆ రెండు క్లాసులూ నీకు గోడ మీద నోటీసులు రాయడానికే పనికొచ్చాయి.

బావ బాగానే ఉన్నాడు. మిల్లు గేటు దగ్గర డ్యూటీ. నాతో మాట్లాడాలంటే రెండు చేతులూ ఊపుతాడు. మొన్న అన్నంలో ఉప్పు లేదని ఊపుతుంటే, పక్కింటివాళ్ళు మేం కొట్టుకుంటున్నామనుకుని విడదీయడానికి వచ్చారు. నేను స్టేషన్ రోడ్డులో ఎండుచేపలు అమ్ముకుంటున్నాను. పెదాలు చూసి బేరాలు పట్టుకోవడం కొంచెం వచ్చింది. మీసాలున్నవాళ్ళతోనే కష్టం.

ముప్పై ఏళ్ళు హార్బరులో వేలంలో చేప కొన్నదాన్నిరా. కళ్ళు మూసుకుని, ఎవరి గొంతు ఎంత పాడుతోందో చెప్పేదాన్ని. ఇప్పుడు రాత్రీ పగలూ నా చెవుల్లో ఒక్క ఇంజను మోతే. అది కూడా బయటిది కాదు. ఆపరేషను చేసి మిషను పెడితే కుడి చెవికి వినపడొచ్చని డాక్టరు కాగితం మీద రాసిచ్చారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఫలితం తగ్గుతుందని దాని కిందే ఇంకో లైను రాశారు. ఆ రెండో లైను దగ్గరే నా కళ్ళు ఆగిపోతున్నాయి.

తాయారు ఆ వారం పుట్టింట్లో ఉంది. బావ అప్పుడూ ఇక్కడే డ్యూటీలో ఉన్నాడు. వేలాల కోసం నేను మీ ఇంట్లో ఉండేదాన్ని, నా పక్కన ఉన్నది నువ్వు. ఆ వారం నువ్వు నాకు చేసిందంతా మొన్న ఆఫీసుకి వచ్చినప్పుడు ప్లీడరమ్మకి చెప్పేశాను. కాబట్టి దాక్కోకు. వెళ్ళి సంతకం పెట్టు.

పోతమ్మ


విశాఖపట్నం
6 మే

అప్పకి,

ఏం చెప్పావు? "చేసిందంతా" అంటే ఏది? ఎప్పుడు చేసింది? ఎవరు చూశారు? నీ ఉత్తరం చదివినప్పటి నుంచీ అన్నం నోట్లోకి పోవడం లేదు. తాయారు నాకు దిష్టి తీసి, మిరపకాయలు ఘాటు రాలేదని ఇంకా భయపడుతోంది.

నిన్న ప్లీడరమ్మ దగ్గరికి వెళ్ళాను. కుడిచేతికి మోచేతి దాకా కట్టు కట్టుకుని మరీ వెళ్ళాను. ఐస్ దిమ్మ పడింది, సంతకం పెట్టలేను అని చెప్పాను. ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసి, "నిషేధంలో ఐస్ ఎక్కడిదయ్యా?" అన్నారు. కట్టు వెనక్కి దాచుకున్నాను. "ఎడమ బొటనవేలు బాగానే ఉంది కదా, ముద్ర వెయ్" అని సిరా డబ్బా ముందుకు తోశారు. కడుపులో తిప్పుతోందని చెప్పి మెట్లు దిగి వచ్చేశాను. నేను దిగుతుంటే వెనక నుంచి, "మీ అక్కగారు మీ అల్లరి గురించి అంతా చెప్పారులే" అని నవ్వారు. ఆ నవ్వు విని మిగతా మెట్లు రెండేసి చొప్పున దూకాను.

ఈ కాగితం లేకుండా రాజీ కుదరదా? కొంచెం తక్కువిచ్చినా పర్వాలేదని చెబుదామా? ఆవిడకి ఏం చెప్పావో ఒక్కొక్క మాటా విడివిడిగా రాయి. నీకు పుణ్యముంటుంది.

అప్పలసూరి


ఎలమంచిలి
12 మే

సూరీ,

ఈ ఉత్తరంలో తిట్లు రాయకూడదని బావ నా చేత ఒట్టు వేయించుకున్నాడు. అందుకే తక్కువ రాస్తున్నాను.

దేముడమ్మ మొన్న రైలెక్కి నా దగ్గరికి ఎండుచేపలకి వచ్చింది. నా చేతిలోంచి పెన్ను లాక్కుని, తనకి వచ్చిన నాలుగక్షరాల్లో రాసింది. అవతలి ఇన్సూరెన్సు కుర్రాడూ నువ్వూ హార్బరు గేటు దగ్గర టీ తాగారట. బిస్కెట్లు కూడా తిన్నారట. డబ్బులు నువ్విచ్చావట. నువ్వు పుట్టి ఒకళ్ళకి టీ పోయించడం ఇదే మొదటిసారి.

చేతికి దొంగ కట్టు. తక్కువిచ్చినా పర్వాలేదన్న మాట. వాళ్ళ మనిషితో టీ. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకేం కనపడుతుందో నువ్వే చెప్పు. వాళ్ళు నిన్ను కొనేశారా? ఎంతకి పాడారు నిన్ను?

బావ ఒక ముక్క రాస్తానంటున్నాడు, రాయనిస్తున్నాను.

"ఒరే బామ్మర్దీ, ఏటి సేత్తన్నావ్‌రా నువ్వు? మీ అప్ప రెండు దినాలై తిండి తినడం నేదు. నీకేటైనా గావాలంటే నన్నడుగు, దాన్నేడిపించకు. — అర్జునరావు"

చూశావుగా. నాలుగేళ్ళు నా కోసం ఆసుపత్రులూ కోర్టులూ తిరిగిన తమ్ముడు గట్టు దగ్గరికొచ్చాక తెడ్డు ఎందుకు వదిలేశాడు? అది చెప్పు చాలు.

పోతమ్మ


విశాఖపట్నం
20 మే

అప్పా,

బావని పక్కన కూర్చోబెట్టుకోకుండా చదువు. చదివి పొయ్యిలో పెట్టు.

నన్ను ఎవరూ కొనలేదు. నన్ను కొనే తెలివితక్కువవాడు ఆ కంపెనీలో లేడు. ఆ కుర్రాడికి టీ పోయించింది ఒక్క మాట అడగడానికి. నా గురించి కాదన్నట్టు, "బాబూ, మా పక్కింట్లో ఒకాయనుండేవోడు. దగ్గరలో బాంబు పేలితే మనిషికి సెవులు పోతాయేటి?" అని అడిగాను. అతను బిస్కెట్టు ముంచుకుంటూ, "పోవచ్చండి, మూసి ఉన్నచోట పేలితే ఇంకా ప్రమాదం" అన్నాడు. ఆ బిస్కెట్టు విరిగి అతని టీలో పడింది. నా ప్రాణం కూడా అలాగే పడింది.

2021 జూన్ 15 నీకు గుర్తుందా? నిషేధం అయిపోయి బోట్లు బయలుదేరిన రోజు. కరోనా అని పోలీసులు మందినీ మేళాన్నీ వద్దన్నారు. అయినా ఆడవాళ్ళంతా జెట్టీ మీదకి వచ్చారు. బోటు ముక్కుకి పసుపు పూయకుండా, గంగమ్మకి టెంకాయ కొట్టకుండా ఎవరు పంపుతారు? నువ్వు ఐస్ డ్రమ్ముల ముందు పీట వేసుకుని టెంకాయలకి పసుపు రాస్తున్నావు. నీ వెనక డ్రమ్ము ఖాళీగా ఉంది. నా జేబులో దీపావళికి కాల్చే ఆటంబాంబు ఒకటి ఉంది.

నా బుద్ధి నీకు తెలుసు కదా. చప్పుడు పెద్దగా రావాలని అంటించి డ్రమ్ములో వేశాను. నీకు రెండు బారల దూరం లేదు. అది పేలితే దేముడమ్మ గంపతో సహా ఐస్ నీళ్ళలో పడింది. కుక్కలు గేటు దాటిపోయాయి. బోటు నడిపే సరంగు కూడా వంగిపోయాడు. అందరూ నన్ను బూతులు తిట్టారు. నువ్వు మాత్రం కదల్లేదు. చేతిలో టెంకాయకి పసుపు రాస్తూనే ఉన్నావు. పొగ ముక్కుకి తగిలాక వెనక్కి తిరిగి, నా వీపు మీద ఒక్కటి వేశావు. మా అప్పది రాయి గుండెరా అని ఊరంతా చెప్పుకున్నాను.

మూడో రోజు వేలంలో నీకు పాట వినపడలేదు. అంతే, అది నా బాంబు పనేనని ఆ రోజు నుంచి నాకు తెలుసు.

డాక్టరు, "ఈ మధ్య సూది ఏమైనా వేయించుకున్నారా?" అని అడిగితే, అవునని నీకన్నా ముందు అరిచింది నేను. కేసు వేద్దామన్నది నేను. ప్లీడరమ్మని వెతికింది నేను. నాలుగేళ్ళూ నీ మీద ప్రేమతోనే తిరిగానని నువ్వు అందరికీ చెప్తుంటే, నేల చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించేది. సూది వల్లేనని ఒక పెద్దమనిషి కాగితం మీద రాస్తే నా వల్ల కాదని తేలిపోతుంది కదా అని తిరిగానప్పా.

ఇప్పుడు ఆ కాగితం మీద సంతకం పెడితే అబద్ధం. పెట్టకపోతే నీకు ఆపరేషను లేదు. నిజం చెబితే రాజీయే లేదు. నువ్వు పెట్టమంటే కళ్ళు మూసుకుని పెడతాను. కొట్టాలనుంటే రైలెక్కి వస్తాను. బావకి మాత్రం చెప్పకు, ఆయన నన్ను తమ్ముడిలా చూస్తాడు.

నీ తమ్ముడినని రాయడానికి చెయ్యి రావడం లేదు.

అప్పలసూరి


ఎలమంచిలి
25 మే

ఒరే సూరిగా,

ఉత్తరం పొయ్యిలో పెట్టలేదు. బావకి ఇచ్చి చదివించాను. చదివి, చేతులు ఊపకుండా నా అరచేతిలో వేలితో రాశాడు. "పిచ్చోడు" అని.

నీ ఉత్తరం నువ్వే మళ్ళీ చదువుకో. దేముడమ్మ పడింది, కుక్కలు పారిపోయాయి, సరంగు వంగిపోయాడు. ఇన్ని రాసినవాడివి, నేనెందుకు కదల్లేదో నాలుగేళ్ళలో ఒక్కసారైనా ఆలోచించావా? చిన్నప్పుడు బొద్దింకని చూసి గోడ దూకినదాన్ని. నాది రాయి గుండె ఎప్పటి నుంచిరా?

నాకు వినపడలేదు. నువ్వు బాంబు వేసేటప్పటికే నా చెవులు పోయాయి.

14 పొద్దున లేచేసరికి మంచం కింద కోడి నోరు తెరుస్తోంది, కూత లేదు. కొళాయి నీళ్ళు బిందెలో పడుతున్నాయి, చప్పుడు లేదు. జలుబేమో, ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుందిలే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే మర్నాడు బోట్లు వెళ్తాయి, ఆ తర్వాత మూడు రోజులకి సీజను మొదటి వేలం. పోతమ్మకి చెవుడొచ్చిందని తెలిస్తే, నా పక్కనున్న ఆడవాళ్ళే నన్ను పాటలో ముంచేస్తారు. నాలుగు రోజులు మీ అందరి ముఖాలూ చూసి నవ్వాను, తలాడించాను. 18న వేలంలో ఎవరూ పాడని ధరకి చేయెత్తాను. అప్పుడు బయటపడింది. ఈ రోజే పోయాయని డాక్టరుకి చెప్పాను. అదే కాగితాలన్నిటిలోకీ ఎక్కింది. దాచానని చెప్పుకోవడానికి సిగ్గేసింది.

ఇక ప్లీడరమ్మకి నేను చెప్పిన నీ ఘనకార్యం ఏంటో విను. సూది వేయించుకుంటే కుక్కరు ఇస్తారని చెప్పి నన్ను ఐస్ ఫ్యాక్టరీ షెడ్డులో క్యాంపుకి లాక్కెళ్ళావు. నర్సుని కుక్కరు ఏదని అడిగితే ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. అది చెప్పాను. ఆవిడ నవ్వింది దానికి.

ఆ దొంగ కట్టు విప్పు. నేను మంగళవారం రైలుకి వస్తున్నాను. చెవులు పోయిన తేదీ మార్చమని ప్లీడరమ్మకి నేనే చెప్తాను. బాంబు సంగతి నువ్వు చెప్పు. రాజీ పోతే పోయింది. ఇంకో నాలుగేళ్ళు నిన్నిలా చచ్చిపోతూ బతకనిచ్చి నేను చెవులు తెచ్చుకోను.

నీ అప్ప,
పోతమ్మ


విశాఖపట్నం
17 జూన్

అప్పకి, బావకి,

శనివారం లోక్ అదాలత్‌లో నువ్వు నా పక్కనే కూర్చున్నావు. అందరి నోళ్ళూ చూస్తూ నా మోచెయ్యి పట్టుకుని నలిపేశావు. రైలుకి టైమైపోతోందని నేను సగమే రాసి చూపించాను. ఎవరెవరు ఏమన్నారో మొత్తం ఇప్పుడు రాస్తున్నాను.

ఆసుపత్రి ప్లీడరు లేచి, "నాలుగేళ్ళు పద్దెనిమిది అన్నారు, ఇప్పుడు పద్నాలుగంటున్నారు. రేపు పదకొండంటే?" అన్నాడు. అప్పుడే నువ్వు నా చెయ్యి గిల్లావు. ఆయన ముఖం బట్టి పట్టేసుంటావు.

వాళ్ళ డాక్టరు నెమ్మదైన మనిషి. "సూది తర్వాత వచ్చింది కాబట్టి సూది వల్లే వచ్చిందని చెప్పలేం. ఏ కారణమూ తెలియకుండానే కొందరికి ఇలా పోతుంది. దీని వల్లేనని గానీ, కాదని గానీ నేను ప్రమాణం చేయలేను" అన్నాడు. మన ప్లీడరమ్మ దానికి అడ్డు చెప్పలేదు. "సూదితో పాటు చెప్పాల్సిన జాగ్రత్తలు ఎవరూ చెప్పలేదు, నలతగా ఉంటే ఎవరికి చెప్పాలో నంబరు కూడా ఇవ్వలేదు, మేం అడిగేది దానికి" అన్నారు.

తర్వాత నన్ను పిలిచారు. బాంబు కథ చెప్పాను. జడ్జిగా కూర్చున్న పెద్దాయన, "నువ్వు జోకులు వేసే మనిషివట, నీ మాట ఎలా నమ్మాలి?" అన్నారు. నలభై ఎనిమిదేళ్ళలో నేను అంటించిన నోటీసులన్నీ ఆ గది గోడల మీద కనపడ్డాయి.

అప్పుడు లేచింది దేముడమ్మ. ఆవిడని ఎవరూ పిలవలేదు. "బాబూ, ఈడు అబద్దాలకోరే. నా కూర సట్టి కూడా ఈడి మీదున్నాది. గానీ ఆ దినం నాను పడ్డాను, నా నడుం ఇంకా నొప్పెడతాది. అంత సప్పుడికి ఈ పోతమ్మ తల తిప్పనేదు బాబూ. టెంకాయకి పసుపు రాత్తానే ఉన్నాది. ఇదేటి మనిషిరా అనుకున్నాను" అంది. గదిలో ఎవరూ నవ్వలేదు. నువ్వు నవ్వావు, ఆవిడ నడుం పట్టుకోవడం చూసి.

మిగిలింది నీకు తెలుసు. తేదీలు మారాయని వాళ్ళు డబ్బు కోసేశారు. ఆపరేషనుకీ ఒక చెవి మిషనుకీ వస్తుంది. వ్యాపారానికి అనుకున్నది పోయింది. కారణం ఇదీ అని ఎవరూ ఎక్కడా రాయలేదు. నాలుగేళ్ళు నేను ఎదురుచూసిన ఆ ఒక్క లైను లేకుండానే సంతకాలయ్యాయి. నాది కుడిచేత్తోనే పెట్టాను.

ఆదివారం బోట్లు వెళ్ళాయి. పసుపు, టెంకాయలు, టపాకాయలు అన్నీ యథావిధి. కుర్రాళ్ళు ఒక బాంబు నా చేతికిచ్చి, "బాబాయ్, నువ్వే ఎయ్యాల" అన్నారు. నీళ్ళలో పడేశాను. తాయారు నాకు మళ్ళీ దిష్టి తీసింది.

ఆపరేషనులో ఏమైనా అవుతుందేమోనని ఇప్పుడు కొత్త భయం పట్టుకుంది. భయపడడం అలవాటైపోయింది, మానేస్తే ఏం తోచదు.

అప్పలసూరి


ఎలమంచిలి
24 జూన్

సూరీ,

అందింది. మూడుసార్లు చదివాను. నాలుగేళ్ళలో మనుషులు నా గురించి ఏం మాట్లాడుకున్నారో పూర్తిగా తెలియడం ఇదే మొదటిసారి.

ఆపరేషను వచ్చే నెల పదికి ఇచ్చారు. భయం నాకూ ఉంది, నీ దగ్గర దాచి లాభం లేదని తెలిసింది కాబట్టి చెప్తున్నాను. మిషను ఆ రోజే మోగదట. గాయం మానాక, నెలకో ఎంతకో పిలిచి బిగిస్తారట. మొదట్లో గొంతులన్నీ రేకు డబ్బాలో రాళ్ళలా ఉంటాయట, నెమ్మదిగా అలవాటవ్వాలట. అసలు వినపడకపోవచ్చు కూడానట. అది చిన్న అక్షరాల్లో రాశారు.

దేముడమ్మకి కొత్త చట్టి కొనిపెట్టు. నోటీసుతో పాటు అంటించకు, చేతికివ్వు.

మిషను బిగించాక ఇంటికొచ్చిన రోజు నువ్వు ఇక్కడుండాలి. బాంబులొద్దు, కేకలొద్దు. క్యాంపు రోజున నాకు వస్తుందన్న కుక్కరు ఇంకా బాకీ ఉన్నావు, అది పట్టుకురా. పప్పు పోసి పొయ్యి మీద పెట్టు. నేను గోడ వైపు తిరిగి కూర్చుంటాను. ఈల వేసినప్పుడు వెనక నుంచి చూడు, ఈసారైనా ఉలిక్కిపడతానో లేదో.

నీ అప్ప,
పోతమ్మ